ముడి ఎడమ పక్కన

మార్చి పందొమ్మిదో తేదీ మధ్యాహ్నం ముడి మేడం తిన్నది రెండు రొట్టె ముక్కలూ, వాటి మధ్య చల్లారిపోయిన గుడ్డట్టూ. తేదీ ఎందుకు గుర్తుందంటే, హాల్లో మూడు రోజుల సాంస్కృతిక సభలకి అది మొదటి రోజు. తిండి ఎందుకు గుర్తుందంటే, రెండో కొరుకు నోట్లో ఉండగానే కార్యదర్శి గారు బట్టల గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, ఆవిడకి వీపు తిప్పి నించున్నారు.

"కాస్త చూడండి మేడం. మళ్లీ ఊడింది."

ఊడింది కొక్కెం. ఆయన నడికట్టుకి వెనకవైపు ఎవరికీ కనపడకుండా కుట్టించుకున్న చిన్న ఇనుప కొక్కెం. ముడి మేడం చేతులు తుడుచుకుని, కాలరు కింద గుచ్చుకున్న సూది తీసి, నాలుగు కుట్లు వేసి, దారం పళ్లతో తెంపింది. చాలా ఏళ్లుగా ఇదే వరస.

ఆ హాల్లో సభకి వచ్చేవాళ్లెవరైనా దేశీయ దుస్తుల్లోనే రావాలి. ఆడైనా మగైనా ఒకటే తీరు: పొడుగు అంగీ, దానిమీద నడికట్టు. అంగీదేముంది, మెడలోంచి దిగితే అయిపోయింది. తిప్పలన్నీ నడికట్టుతోనే. రెండు చుట్లు చుట్టి, ముడి ఎడమ నడుము మీద పడేలా వెయ్యాలి. పై కొస జానెడు, కింది కొస మోకాలి దాకా. ముడి వదులైతే పరధ్యానం, బిగుతైతే పొగరు అని పాతవాళ్ల మాట. కార్యదర్శి గారికి ఆ ముడి వెయ్యడం రాదు. వెయ్యడం రాదని ఒప్పుకోవడం అంతకంటే రాదు. అందుకే ముడి మేడం చేత ఒక్కసారి వేయించి, ఆ ముడిని కదలకుండా కుట్టించేసి, వెనకాల కొక్కెం పెట్టించుకున్నారు. ఈ రహస్యం తెలిసింది ఇద్దరికే.

"ఈ మూడు రోజులూ కళ్లు నెత్తిన పెట్టుకోకండి" అన్నారు ఆయన, కొక్కెం తడిమి చూసుకుంటూ. "పోయినేడు జరిగింది చాలు."

పోయినేడు ఇవే సభలకి కొందరు కుర్రాళ్లు ముడి కుడి పక్కన వేసుకుని వచ్చి బుద్ధిగా కూర్చున్నారు. ప్రారంభ గీతం ఎత్తుకోగానే లేచి, వేదికకి వీపులు తిప్పి నించున్నారు. ఈ బట్టలు కొనుక్కోలేనివాడు పాట వినకూడదా అని వాళ్ల గొడవ. గొడవలో న్యాయం ఎంతుందో గానీ, ఆ వీడియో మాత్రం అందరి ఫోన్లలోకీ పాకింది. గుమ్మంలో ఎవరున్నారు, ఏం చూశారు అన్న ప్రశ్న తిరిగి తిరిగి ముడి మేడం నెత్తిన పడింది. గుమ్మంలో నించుని వచ్చినవాళ్ల బట్టలు చూసి, సర్ది, లోపలికి పంపడమే ఆవిడకి ఆ పేరు తెచ్చిన ఉద్యోగం. అదైనా ఇంకా తాత్కాలికమే.

"కుడి ముడి కనపడితే, వాడు మా నాన్నైనా సరే, లోపలికి రాకూడదు. సభలు సజావుగా జరిగితే మీ ఉద్యోగం ఖాయం చేయించే పూచీ నాది. జరక్కపోతే ఇక నేను చెయ్యగలిగింది లేదు."

ఆయన వెళ్లాక ఆవిడ మిగిలిన రొట్టెని కాగితంలో చుట్టి పక్కన పెట్టేసింది.

సాయంత్రం నాలుగు దాటేసరికి జనం మొదలయ్యారు. ముడి మేడం గుమ్మానికి ఇటు, సెక్యూరిటీ అతను అటు. అతని మెడ పొడుగు. అందులోనూ ఎవరి సంచిలో ఏముందో చూడ్డానికి ఇంకాస్త సాగేది. అందుకని హాల్లో అందరూ అతన్ని కొంగ అనే పిలిచేవాళ్లు, అతనూ పలికేవాడు.

"నడికట్టు జేబు కాదండీ, ఫోను తియ్యండి" అంది ముడి మేడం ఒకాయనతో. "చేతులు మడవకూడదు సార్, దింపుకోండి." "నల్లకళ్లద్దాలు లోపలికి పనికిరావమ్మా." ఒకామె అంగీ మెడ వెనక షాపు వాడి అట్టముక్క ఇంకా వేలాడుతోంది. రేపు తిరిగి ఇచ్చేసే ఉద్దేశం కాబోలు. ముడి మేడం పలకరిస్తున్నట్టుగా భుజం మీద చెయ్యి వేసి, అట్టముక్కని కాలరు లోపలికి దోపేసింది. ఆమె మొహం ఎర్రబడి, వెంటనే తేలికపడింది. వదులు ముళ్లు వచ్చినప్పుడు ఆవిడ మాట్లాడేది కాదు. ఎదురుగా నించుని, రెండు వేళ్లు ముడి వెనక్కి పోనిచ్చి, ఒక్క లాగు లాగి, కొసలు దువ్వి వదిలేది. మనిషి మొహం చూసేది కాదు. నడుములే చూసేది. సాయంత్రం గడిచేసరికి ఎడమ, ఎడమ, ఎడమ అని కళ్లు వాటంతటవే చదువుకుంటూ పోయేవి.

అందుకే ఆ పెద్దాయన వచ్చినప్పుడు, పుస్తకంలో ఒక అక్షరం తలకిందులుగా పడ్డట్టు, ఆవిడ చూపు ఠక్కున ఆగింది.

"ఒక్క నిమిషం. మీ ముడి కుడి పక్కన పడింది."

ఆయన ఎత్తరి. కళ్లజోడు, శుభ్రంగా గీసిన గడ్డం, మడత నలగని అంగీ. తన నడుము కేసి వంగి చూసుకుని "బానే ఉంది కదమ్మా" అన్నాడు.

"ఎడమ పక్కన ఉండాలి. ఇలా రండి, విప్పి కట్టేస్తాను. క్షణంలో పని."

ఆవిడ చెయ్యి చాచిందో లేదో, ఆయన ఒకడుగు వెనక్కేసి, రెండు అరచేతులూ ముడి మీద మూసేశాడు.

"విప్పకమ్మా. ఇది ఇలాగే ఉండనీ."

"ఎందుకని?"

"మా ఇంట్లో ఇలాగే కడతారు."

పోయినేడు ఆ కుర్రాళ్లూ ఇదే అన్నారు, మేం ఇలాగే కడతాం అని. కొంగ మెడ సాగింది. "సంచి చూపించండి పెద్దాయనా." సంచిలో ఒక గొడుగు, ఒక బిస్కెట్ల పొట్లం. వాన లేదు, మబ్బు కూడా లేదు.

"గొడుగెందుకండీ?" అన్నాడు కొంగ.

"అలవాటు బాబూ."

వెనకాల వరస పెరుగుతోంది. ఎవరో గొంతు సవరించుకున్నారు. "ముడి మార్చుకోకపోతే లోపలికి వెళ్లడానికి లేదండీ. నియమం" అంది ముడి మేడం. తన గొంతు తనకే కార్యదర్శి గారి గొంతులా వినపడింది.

"సరేనమ్మా" అన్నాడు పెద్దాయన. అంతే. గొడవ లేదు, బతిమాలడం లేదు. ఆ ముడిని అలాగే పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"గొడవ పడేవాడితో భయం లేదు మేడం" అన్నాడు కొంగ, ఆయన వెళ్లిన దిక్కే చూస్తూ. "తిట్టి పోతాడు, అక్కడితో సరి. ఇలా సరేనమ్మా అనేవాడున్నాడే, వాడు మళ్లీ వస్తాడు."

మళ్లీ వచ్చాడు. మర్నాడు నాలుగింటికల్లా ఎదుటి బస్టాపులో ఉన్నాడు. అదే అంగీ, అదే గొడుగు సంచి. నడికట్టు మాత్రం మడతపెట్టి భుజాన వేసుకున్నాడు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఆయన ఒక్కటీ ఎక్కలేదు.

"చూశారా?" అన్నాడు కొంగ, పెదాలు కదపకుండా. "ఆ చూపు ఎక్కడుందో గమనించారా? జనం మొహాలు కాదు. నడుములు. ఆడా మగా తేడా లేదు, అందరి నడుములూ!"

ముడి మేడం చూసింది. నిజమే. హాల్లోకి వెళ్తున్న ప్రతి మనిషి నడుమూ ఆయన కళ్లతో తడుముతున్నాడు. అప్పుడప్పుడు చేతులు గాల్లోకి లేచి, ఏదో తిప్పి, లాగి, దిగుతున్నాయి. ముందు కుడి చెయ్యి, తరవాత ఎడమ. మళ్లీ ముందు కుడి.

"సైగలు" అన్నాడు కొంగ. "ఎవడికో చేస్తున్నాడు. కుర్రాళ్లు ఎక్కడో మాటేసి ఉంటారు. ముసలాయన్ని ముందు పెడితే ఎవరూ అనుమానించరని ఎత్తు."

"అంత ఎత్తు వేసేవాడు బస్టాపులో అందరికీ కనపడేలా నించుంటాడా?"

"మేడం, కనపడేలా నించోవడమే పై ఎత్తు."

కొంగ లెక్కలో దేనికైనా పై ఎత్తు ఉంటుంది. ఆవిడ నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. నిన్నటి నుంచీ ఆవిడ బుర్ర కూడా అదే దారిన పోతోంది. వరస కాస్త పలచబడగానే రోడ్డు దాటింది. దాటుతుంటే హాలు పై అంతస్తు కిటికీలోంచి కార్యదర్శి గారు చూస్తున్నట్టు వీపుకి తెలిసింది.

"ఎవరికోసం చూస్తున్నారండీ?"

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ వాలకం అనుకుంది ఆవిడ. "ఎవరికోసమూ కాదమ్మా. అందరివీ చూస్తున్నాను. నాది తప్పంటున్నారు కదా, తప్పెక్కడుందో తెలుసుకుందామని."

ఎత్తిపొడుపా? మొహంలో ఎక్కడా వెటకారం లేదు. వెటకారం తెలిసినవాళ్లు మొహంలో పెట్టరు కదా.

"తప్పెక్కడుందో నిన్ననే చెప్పానుగా. కుడికి పడింది, ఎడమకి ఉండాలి. మీరే నన్ను ముట్టుకోనివ్వలేదు."

"అవును" అన్నాడు. గొడుగు సంచి సర్దుకుంటూ "రేపు పిల్లల పాట ఎన్నింటికమ్మా?" అన్నాడు.

ఇదిగో, అసలు సంగతి బయటికొచ్చింది అనుకుంది ముడి మేడం. రేపు ముఖ్య అతిథి వచ్చేదీ ఆ పాటకే. "మీకెందుకు?"

"మా మనవరాలు పాడుతోంది. ఆఖరి వరసలో. పొడుగు పిల్ల. ముందు పన్ను ఊడింది."

"ఆరింటికి" అని చెప్పేసి, చెప్పినందుకు తనమీద తనే విసుక్కుంటూ వెనక్కి వచ్చింది. వచ్చాక మనసు ఆగక, పిల్లలు పాట సాధన చేసే గదిలోకి తొంగి చూసింది. ఆఖరి వరసలో పొడుగు పిల్లలే నించుంటారు, అందులో వింతేముంది? పన్ను ఊడిన పిల్ల కోసం వెతికింది. పాట టీచరు నోరు బాగా తెరవమంటే పిల్లలందరూ తెరిచారు. ఆ వరసలో సగానికి సగం నోళ్లలో కిటికీలే.

ఇంటికెళ్లేసరికి మొగుడు వంటగదిలో గిన్నెలు కడిగి బోర్లిస్తున్నాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. పొద్దుటి డ్యూటీ దిగిన రోజు వంటిల్లు ఆయనది. రేపటి సభకి సిబ్బంది ఇంటివాళ్లకి కూడా పిలుపుంది. హాల్లోంచి అడిగి తెచ్చిన అంగీ కుర్చీ మీద వేలాడుతోంది.

"నేనొక్కణ్ణే వేసుకోవాలా, బస్సుకి కూడా కుట్టించావా?" అన్నాడు అంగీ చూసి. "ఇంత పొడుగేమిటే, చివర ఎక్కడుందో కనపడ్డం లేదు."

"వాగకుండా తొడుక్కోండి. నడికట్టు కట్టడం నేర్పుతాను."

"నేర్పడమెందుకు? రేపు నువ్వే కట్టేద్దువుగాని."

"రేపు నేను మధ్యాహ్నమే పోవాలి. మీరు డ్యూటీ దిగి తిన్నగా వస్తారు. గుమ్మంలో నా మొగుడి నడికట్టు నేనే కడుతూ కూర్చుంటే ఆ కార్యదర్శి కళ్లల్లో నిప్పులు పోసుకుంటాడు. కదలకండి, చూడండి."

ఎదురుగా నించుని, రెండు చుట్లు చుట్టి, కుడి చేత్తో పై కొస పట్టుకుని, ఎడమ చేత్తో కింది కొసని దాని మీంచి తిప్పి, లోపల్నుంచి లాగి బిగించింది. ఒకటికి రెండుసార్లు నెమ్మదిగా చూపించింది. ఆయన ఆవిడ చేతుల్నే, ఇరుకు సందులో బస్సు తిప్పేటప్పుడు చూసినంత శ్రద్ధగా చూశాడు.

"ఇప్పుడు మీరు."

ఆయన నాలిక పళ్ల మధ్య పెట్టుకుని మొదలుపెట్టాడు. చుట్లు బాగానే వచ్చాయి. కుడి చేత్తో పై కొస పట్టుకున్నాడు. ఎడమ చేత్తో కింది కొస తిప్పాడు. లాగాడు. ముడి గట్టిగా, ముద్దుగా పడింది. కుడి నడుము మీద.

ముడి మేడం ఆ ముడి కేసి వంగి చూసింది. తరవాత "ఎవరు నేర్పారు మీకిది?" అంది. ఆ గొంతు విని ఆయన తలెత్తాడు.

"ఎవరు నేర్పడమేంటి? నువ్వేగా ఇప్పుడు నేర్పింది!"

"నేను అటు వేశానా?"

"నువ్వు కుడి చేత్తో పట్టుకున్నావు, నేనూ కుడి చేత్తో పట్టుకున్నా. నువ్వు ఎడమ చేత్తో తిప్పావు, నేనూ..." తన నడుము కేసి చూసుకుని ఆగిపోయాడు. పెద్దగా నవ్వాడు. "అద్గదీ! నువ్వు నాకెదురుగా ఉన్నావు. నీ కుడి నా ఎడమ. రోజంతా అద్దాల్లో చూసి బస్సు వెనక్కి తీసేవాణ్ణి, నేనే పప్పులో కాలేశానే!"

"తెలిసీ ఎలా వేశారు మరి?"

"తెలియడం వేరు, చేతికి రావడం వేరు. చెయ్యి చూసిందే చేస్తుంది." ముడి విప్పేసి, నడికట్టు ఆవిడ భుజం మీద పడేశాడు. "ఎందుకొచ్చిన విద్య ఇది నాకు. నువ్వున్నావుగా."

ఆయన వెళ్లి పొయ్యి మీద పాలు చూసుకున్నాడు. ఆవిడ నడికట్టు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూలబడింది. బస్టాపులో గాల్లో కదిలిన ఆ రెండు చేతులూ కళ్ల ముందుకొచ్చాయి. ముందు కుడి, తరవాత ఎడమ. సైగలు కావవి. ఎవరో ఎదురుగా నించుని కడుతున్న చేతులు. ఆ ఎదుటి మనిషి మాత్రం లేదు.

అంతలోనే, నిజమేనా, నేనే కథ అల్లుతున్నానా అని కూడా అనుమానం వచ్చింది. కొంగ పక్కన పనిచేస్తే మంచితనానికి కూడా పై ఎత్తు వెతకడం అలవాటవుతుంది.

"ఏమే, పాలు తాగవా?"

"రేపు ఎలాగైనా రండి" అంది ఆవిడ. "ముడి ఎటున్నా సరే. నేను చూసుకుంటాను."

మూడో రోజు సాయంత్రం గుమ్మం ముందు ఎర్ర తివాచీ పరిచారు. కార్యదర్శి గారు నిమిషానికోసారి వచ్చి, తివాచీ అంచు కాలితో సర్ది, నడికట్టు వెనక్కి చెయ్యి పోనిచ్చి, వెళ్తున్నారు. నాలుగున్నరకి మొగుడు ఫోను చేశాడు. తన డ్యూటీ అందుకోవాల్సిన డ్రైవరు రాలేదట, ఇంకో ట్రిప్పు వెయ్యాలట. "నీ ముడి గండం తప్పింది నాకు" అని నవ్వాడు గానీ, ఆ నవ్వులో ఏమంత సరదా లేదు.

ఐదు దాటాక పెద్దాయన మెట్లెక్కాడు. ఇవాళ నడికట్టు కట్టుకునే వచ్చాడు. ముడి కుడి పక్కనే ఉంది. కొంగ తలుపుకి అడ్డంగా చెయ్యి పెట్టేశాడు.

"నేను చూస్తాను" అంది ముడి మేడం. "నువ్వు కాసేపు అందరి నడుములూ చూస్తుండు. ఎడమ, అంతే. ఎడమ తెలుసుగా?"

"మేడం, పైన చూస్తున్నారు. కోరి కొరివితో తల గోక్కోవడమే ఇది" అన్నాడు కొంగ. అన్నాడే గానీ, మెడ ముడుచుకుని, చెయ్యి తీసేశాడు.

బట్టల గది గుమ్మం పక్కనే. ఆవిడ తలుపు బార్లా తెరిచి ఉంచి, ఆయన్ని లోపలికి రమ్మంది. నిలువుటద్దం ముందు నించోబెట్టింది. "ముట్టుకోను" అంది ముందే. "ఒక్కటడుగుతాను. ఇదివరకు మీకెవరు కట్టేవారు?"

పెద్దాయన అద్దంలో తన నడుము కేసి చూస్తూ "మా ఆవిడ" అన్నాడు.

"ఎదురుగా నించునా?"

"ఇంకెలా కడతారమ్మా? అన్నేళ్లూ ఎదురుగానే. నాకెప్పుడూ నేర్చుకోవాలనిపించలేదు. కానీ చేతులు చూసేవాణ్ణి. బాగా చూసేవాణ్ణి. కుడి చేత్తో పట్టుకుని, ఎడమ చేత్తో తిప్పేది. అచ్చం అలాగే కడుతున్నాను. ఒక్క పిసరు తేడా రానివ్వడం లేదు. ఎక్కడ చెడుతోందో మరి!" ముడి మీద వేళ్లు ఆనించాడు. "మొన్న విప్పుతానన్నారు. ఆ ఒక్క ముడి కోసం పొద్దుటంతా కూచున్నానమ్మా. విప్పితే మళ్లీ పడుతుందో లేదోనని భయం. ఆవిడ పనుల్లో నాకు వచ్చింది ఇదొక్కటే."

ఇదొక్కటీ తప్పుగా వచ్చిందని చెప్పాలి.

"మీరు చెయ్యడంలో తప్పు లేదండీ" అంది ముడి మేడం. "ఆవిడ ఎట్నుంచి కట్టారో అట్నుంచి అది సరైన ముడే. మీరిప్పుడు ఇట్నుంచి కట్టుకుంటున్నారు. అంతే తేడా."

ఆయన తన రెండు చేతులూ చూసుకున్నాడు. ఎదురుగా గాల్లోకి చూశాడు. ఆవిడకి తెలిసింది, అక్కడ ఒక మనిషిని నించోబెట్టుకుని చూసుకుంటున్నాడని. తరవాత చిన్నగా, గొంతులోనే "అవును కదా" అన్నాడు. "మరి మీరే కట్టెయ్యండమ్మా. టైమవుతోంది."

ఆవిడ చేతులు అలవాటుగా లేచాయి. క్షణంలో పని. ఎదురుగా నించుని రెండు వేళ్లు పోనిచ్చి... నువ్వున్నావుగా అన్న మాట చెవిలో పడ్డట్టయింది. చేతులు దించేసింది.

"నేను కడితే ఇవాళ్టికి సరిపోతుంది" అంది. "మీరే కట్టుకోవాలి."

బల్ల మీది దుప్పటి తీసి అద్దానికి కప్పేసింది. వెళ్లి ఆయన పక్కన, భుజానికి భుజం ఒక దిక్కుగా నించుంది. తన నడికట్టు ముడి పట్టుకుని లాగింది. పొద్దున్న వేసిన ముడి చప్పుడు లేకుండా జారిపోయింది. సభ జరిగే రోజున గుమ్మంలో ఉండేవాళ్లు నడికట్టు విప్పడమంటే అతిథి మొహం మీద తలుపు వేసినంత తప్పు. ఆవిడ తెచ్చిపెట్టుకున్న తప్పు అది. తెలిసే చేసింది.

"ఎదురుగా చూడకండి. అద్దం అక్కర్లేదు. నా చేతులు చూడండి. ఇప్పుడు మీ ఎడమా నా ఎడమా ఒక్కటే."

ఆయన తన ముడి మీద చెయ్యి పెట్టి, కాసేపు అలాగే ఉంచి, విప్పాడు.

మొదటిసారి చుట్టు జారింది. రెండోసారి చెయ్యి పాత దారినే పోయింది. "తిట్టుకోకండి. చేతికి తెలిసేసరికి టైము పడుతుంది" అంది ఆవిడ. సరిగ్గా అప్పుడే బయట కారు తలుపులు పడ్డ చప్పుడు, దాని వెంటే బూట్ల చప్పుడు.

కార్యదర్శి గారు గుమ్మంలో నించుండిపోయారు. ఆయన చూసింది ఇద్దర్ని. ఇద్దరికీ నడికట్లు పాదాల దాకా వేలాడుతున్నాయి.

"ఏమిటిది?" అన్నారు. అరవడానికి వీల్లేదు, అతిథి కారు దిగుతున్నాడు. అరుపంతా ఊపిరిలో పెట్టుకుని అన్నారు. "నిన్న రోడ్డు దాటి మాట్లాడుతున్నప్పుడే అనుకున్నాను. మీరు కూడా వీళ్లతో కలిశారన్నమాట!"

"ముడి కట్టుకుంటున్నాం సార్."

"ఈ టైములో? గుమ్మం వదిలేసి? నడికట్టు విప్పుకుని? ముడి ఎటు వెయ్యాలో కూడా తెలీని మనిషికి..."

ఆ మనిషి అని వేలు చూపించడానికి చెయ్యి విసురుగా ఎత్తారు. వెనకాల టిక్ మని చిన్న చప్పుడైంది. కుట్టిన ముడి కుట్టినట్టే, ఒక్క ముక్కగా, ఎడమ నడుము మీంచి తొడ మీదికి జారింది. ఆయన రెండు చేతులతో దాన్ని పట్టుకున్నారు. మొహంలో నెత్తురు లేదు.

పెద్దాయన కళ్లజోడు సర్దుకుని ఆ ముడి కేసి చూశాడు. విప్పదీయకుండానే ఊడిన ముడి. చూసి, మెల్లిగా గోడ కేసి తిరిగి నించున్నాడు.

ముడి మేడం కాలరు కిందనుంచి పిన్నీసు తీసింది. "తిరగండి సార్" అంది. కార్యదర్శి గారు తిరిగారు. తన కొసలు నేల మీద ఈడుస్తూ ఆయన వెనక్కి వెళ్లి, కొక్కెం ఉండాల్సిన చోట పిన్నీసు గుచ్చి, లాగి చూసి, అంగీ మడత దానిమీద కప్పింది. "ఇవాళ్టికి ఆగుతుంది. చేతులు మరీ పైకెత్తకండి."

ఆయన ఏదో అనబోయారు. బయట చప్పట్లు మొదలయ్యాయి. తలుపు దాటబోతూ, ఆగి, ఆ తలుపుని తనే కాస్త దగ్గరగా వేసి వెళ్లారు, లోపలున్నవాళ్లు కనపడకుండా. తన రహస్యం కోసం వేశారో, వీళ్ల కోసం వేశారో ముడి మేడంకి తెలియలేదు.

"ఇంకోసారి చేద్దామా అమ్మా?" అన్నాడు పెద్దాయన, గోడ కేసి తిరిగే.

మూడోసారి కూడా పాడైంది. ఆ తరవాత పడింది. వదులు ముడే. కింది కొస మోకాలి దాకా రాలేదు, పై కొస మరీ పొడుగై పిల్లి తోకలా ఒంకర తిరిగింది. ముడి మేడం వేళ్లు దాన్ని సర్దబోయి ఆగిపోయాయి. ఎడమ నడుము మీద ఉంది. చాలు.

గుమ్మం దగ్గర కొంగ వంగి ఆ ముడిని ఒకసారి చూశాడు, ఆవిణ్ణి ఒకసారి చూశాడు. "వదులుగా ఉందండీ" అన్నాడు. తరవాత తనే "పర్లేదు, పరధ్యానమే కదా, పొగరు కాదు" అని తలుపు తెరిచాడు. "గొడుగు నాకివ్వండి పెద్దాయనా, ఒళ్లో అడ్డం. బిస్కెట్లు మీ దగ్గరే ఉంచుకోండి."

పిల్లల పాట మొదలైంది. ముడి మేడం తలుపు సందులోంచి చూసింది. మొదటి పాదం అయ్యేదాకా ఆవిడ చూపు పెద్దాయన మీదే ఉంది. ఇప్పుడు లేస్తాడా? వీపు తిప్పుతాడా? ఇంత చేశాక కూడా ఆ పాడు అనుమానం పూర్తిగా చావలేదు. పెద్దాయన లేవలేదు. వెనక వరస కుర్చీలో, ముడి నలగకుండా, అంచున కూర్చున్నాడు. వేదిక మీద ఆఖరి వరసలో ఒక పొడుగు పిల్ల జనంలో వెతికింది. దొరికాక, పాట ఆపకుండానే, తన ఎడమ నడుము మీద తట్టి చూపించి, పన్ను లేని నోటితో నవ్వింది. పాట టీచరు కళ్లెర్రజేసింది. పెద్దాయన తన ముడి మీద తట్టి చూపించాడు.

సభ ముగిసి, అతిథి కారు వెళ్లాక, కార్యదర్శి గారు తివాచీ చుట్టిస్తూ, ఆవిడ కేసి చూడకుండా "రేపు మాట్లాడదాం" అన్నారు. ఉద్యోగం సంగతో, కొక్కెం సంగతో చెప్పలేదు. ఆవిడా అడగలేదు. బస్సులో కూర్చుని ఆ రెండు మాటల్నీ అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకుంది. ఎటునుంచి చూస్తే అటునుంచి వేరేలా ఉన్నాయి.

ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో దీపం వెలుగుతోంది. మొగుడు డ్యూటీ చొక్కాలోనే కుర్చీలో వెనక్కి వాలి నిద్రపోతున్నాడు. పక్కన బల్ల మీద ఆవిడ చేతి అద్దం బోర్లించి ఉంది. చొక్కా మీద నడికట్టు రెండు చుట్లు తిరిగి ఉంది. ఎన్నిసార్లు విప్పి కట్టాడో, బట్టంతా నలిగి పేగులా అయింది. ముడి బండగా, తాడుకి వేసినట్టుంది. ఎడమ పక్కన ఉంది.

ఆవిడ దగ్గరికెళ్లి వంగింది. వేళ్లు వాటంతటవే ముందుకొచ్చాయి. వెనక్కి తీసుకుంది. దీపం ఆర్పి, పక్కగదిలోంచి దుప్పటి తెచ్చి, ముడి నలగకుండా కాళ్ల మీద మాత్రం కప్పింది. వీధి తలుపు దగ్గరికి నడిచి, చప్పుడైతే ఆయన లేస్తాడని, ఆ తలుపుని రెండు చేతులతో పట్టుకుని మెల్లిగా మూసింది.